నలుపు తెలుపు సిగ్నేచర్

నా పేరు బేబీ. నవ్వుకోవాలంటే ఇప్పుడే నవ్వేసుకోండి, తర్వాత తీరిక ఉండదు. బెళ్ళందూరులో ఆ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర రిజిస్టర్‌లో ‘బేబీ, డిటెక్టివ్’ అని రాస్తే సెక్యూరిటీ గార్డు కూడా నవ్వాడు. ఒంగోలులో నర్సుగా చేసిన రోజుల నుంచీ ఈ నవ్వు నాకు అలవాటే. మూడో అంతస్తులో ఫ్లాట్ తలుపు తీసిన మనిషి మాత్రం నవ్వలేదు.

“ఏమమ్మా బేబమ్మా, నీకు వాసన ఎట్లా తగులుతుందో నాకు తెలీదు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ వెంకటరమణప్ప గుమ్మానికి అడ్డంగా నిలబడి. “లోపల పోలీసు మహజరు జరుగుతా ఉండాది. నీకేం పని? సుమ్నె, గమ్మున వెనక్కి పో.”

మహజరంటే చోటు చూసి, వస్తువులకు సీలు వేసి, సాక్షుల చేత సంతకాలు పెట్టించుకోవడం. పగలు ఆ అపార్ట్‌మెంట్‌లో తలుపు కొడితే పలికేవాళ్లుండరు, అందరూ ఆఫీసుల్లో ఉంటారు. సాక్షులు దొరక్క జీపు డ్రైవరు కింద తలపట్టుకుని కూర్చున్న సంగతి నేను చూసే వచ్చాను.

“నన్ను సాక్షిగా పెట్టుకోండి ఇన్‌స్పెక్టర్ గారూ.”

“నువ్వా? ఆ పిల్ల తరఫు మనిషివి నువ్వు!”

“అందుకే చెబుతున్నా. ఆ పిల్ల తరఫు మనిషి ఎదురుగానే సీలు వేశారనుకోండి, రేపు కోర్టులో ఒక్క లాయరు కూడా నోరెత్తడు. లేదంటారా, డ్రైవర్ని ఇంకో రెండు గంటలు గేటు దగ్గర కాపలా పెట్టండి. మధ్యాహ్నం దాటితే మేజిస్ట్రేట్ లేచి వెళ్లిపోతారు.”

ఆయన పళ్లు నూరాడు. పక్కకు తప్పుకున్నాడు. మా ఇద్దరికీ మూడు కేసుల పాత పగ ఉంది. ఆయన మొండివాడే గాని లంచగొండి కాదు, అదొక్కటే ఆయనలో నాకు నచ్చేది.

హాల్లో కిటికీ పక్కన బల్ల, బల్ల మీద పెద్ద స్క్రీను ఉన్న కంప్యూటరు. దాని ముందు కుర్చీలో వర్షిణి ముడుచుకుని కూర్చుంది. ఇరవై నాలుగేళ్ల పిల్ల. పక్కనే నిలబడ్డ లేడీ కానిస్టేబుల్ ఆమె మణికట్టు వదలడం లేదు. నన్ను చూడగానే వర్షిణి కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

“మేడమ్, వీళ్లు నన్ను ఇవాళే జైలుకి పంపిస్తారట. నేనేం చేయలేదు మేడమ్. ప్రామిస్.”

“తెలుసు తల్లీ. ఏడవకు. అడిగినదానికి జవాబు చెప్పు చాలు.”

ఈ కేసు నా దగ్గరకు తెచ్చింది ఆ పిల్ల తమ్ముడు చైతు. అక్కాతమ్ముళ్లిద్దరూ బాపట్ల నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్నారు. ఇద్దరికీ బైకుల పిచ్చి. వాళ్లలాంటి తెలుగువాళ్లందరూ కలిసి ఇంటర్నెట్‌లో ‘రెండు చక్రాలు’ అని ఒక ఫోరమ్ పెట్టుకున్నారు. ఎవరు ఎక్కడికి వెళ్లొచ్చారో, ఏ దారి ఎలా ఉందో అక్కడ రాసుకుంటారు. ఆ ఫోరమ్ నడిపే ఓంకార్ ఆదివారం పొద్దున ఒంటరిగా బైకు మీద హోసూరు వైపు బయల్దేరి, అత్తిబెలె దాటకముందే రోడ్డు పక్క గోతిలో పడి చచ్చిపోయాడు. మొదట అందరూ ప్రమాదమే అనుకున్నారు. సోమవారం పోస్ట్‌మార్టం చేసిన డాక్టరు కడుపులో ఉన్న కాఫీలో నిద్రమందు కలిసిందని చెప్పేసరికి అది హత్య అయి కూర్చుంది. మంగళవారం, అంటే ఈ పొద్దున, పోలీసులు వర్షిణిని పట్టుకున్నారు.

“ఎందుకు పట్టుకున్నారో నా ఎదుట ఒకసారి చెప్పండి,” అన్నాను.

వెంకటరమణప్పకు చెప్పడమంటే సరదా. ఫోన్ తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. “ఇది చూడు. ఈళ్ల ఫోరమ్‌లో ఎవరేం రాసినా కింద సంతకం మాదిరి సన్నగా ఒక బొమ్మ వస్తుంది. సిగ్ అంటారంట. ఈ పిల్లే అందరికీ ఫొటోషాప్‌లో చేసి ఇస్తుంది. బండి బొమ్మ, పేరు, రక్తం గ్రూపు. ఎవరన్నా సచ్చిపోతే ఆ సిగ్‌ని నలుపు తెలుపు చేసి, హెడ్‌లైటు ఒక్కటే పచ్చగా ఎలగబెట్టి, పుట్టిన తేదీ, పోయిన తేదీ ఏస్తారు. నెల దినాలు అందరూ తమ రాతల కింద అదే పెట్టుకుంటారు. అది వీళ్ల ఆచారం.”

“బావుంది. అయితే?”

“ఆదివారం ఓంకార్ శవం మాకు దొరికింది పదకొండున్నరకు. ఈ పిల్ల అకౌంట్‌లోంచి ఓంకార్ సావు సిగ్ ఫోరమ్‌లో పడింది పదిన్నరకు. పదకొండున్నరకు దొరికిన శవానికి పదిన్నరకే నివాళి ఎవరు పెడతారు బేబమ్మా? సంపినోళ్లు పెడతారు.”

ఆ గంట తేడా సంగతి చైతు నాకు చెప్పలేదు, బహుశా వాడికీ తెలిసి ఉండదు. వర్షిణి వైపు తిరిగాను. ఆ పిల్ల తెల్లబోయి నన్నే చూస్తోంది.

“నువ్వు పెట్టావా?”

“లేదు మేడమ్! ఆదివారం పదిన్నరకి నేను తలంటుకుని పడుకున్నా. పన్నెండింటికి లేచి ఫోన్ చూస్తే అందరూ నాకు మెసేజ్‌లు, ఇది నిజమా, నీకెలా తెలుసు అని. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆ సిగ్ నేను చేయలేదు, పోస్ట్ నేను పెట్టలేదు.”

“నీ అకౌంట్ పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?”

“ఎవరికీ తెలీదు.”

“పోయిన వారం ఓంకార్‌తో గొడవ కూడా పెట్టుకున్నావు కదా?” ఇన్‌స్పెక్టర్ మధ్యలో దూరాడు. “నీ సంగతి చూస్తా అని అందరి ఎదురా రాసినావు.”

“ఫోరమ్ క్యాలెండర్‌కి డిజైన్ మొత్తం నేను చేస్తే అన్న తన పేరు వేసుకున్నాడు సార్. కోపంలో రాశాను. మర్నాడు సారీ కూడా చెప్పుకున్నాం. అంతమాత్రానికి ఎవరన్నా చంపుతారా?”

“సంపుతారు. నేను ఇంకా సిన్న సంగతులకు సంపినోళ్లని చూసినా. ఓంకార్ ఆ పొద్దున నీకు ఫోన్ చేసినాడు. ఈ దావనే వచ్చి కాఫీ తాగి పోయుంటాడు.”

“పోయుంటాడా?” నాకు తిక్క రేగింది. “చూసినవాళ్లెవరు? లిఫ్ట్ కెమెరాలో ఉందా?”

“లిఫ్ట్ కెమెరా చెడిపోయి ఉండాది.”

“కాఫీ కప్పులో మందు అవశేషాలు?”

“కడిగేసి ఉంటుంది.”

“అబ్బో, బ్రహ్మాండం! చెడిపోయిన కెమెరా, కడిగేసిన కప్పు. ఇంత సాక్ష్యం ఉండగా ఇంకా నన్నెందుకు పిలిచారు?”

“నిన్నెవరు పిలిచినారమ్మా? నువ్వే వచ్చినావు!”

లేడీ కానిస్టేబుల్ నవ్వు ఆపుకోవడానికి కిటికీలోంచి బయటకు చూసింది. నేను ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీసుకుని ఆ బొమ్మను పెద్దది చేసి చూశాను. సన్నటి పట్టీ. నలుపు తెలుపులో బండి ముందు భాగం, పసుపు పచ్చగా వెలుగుతున్న హెడ్‌లైటు, ఓంకార్ పేరు, రెండు తేదీలు. కుడి మూలన రక్తం గ్రూపు. ఆసుపత్రిలో ఇన్నేళ్లు పనిచేసినదాన్ని, నా కన్ను ముందు దాని మీదికే పోతుంది.

“వర్షిణీ, ఇంతకు ముందు ఎవరికైనా ఇలాంటి నివాళి సిగ్ చేశావా?”

“ఒక్కరికే మేడమ్. రాజేశ్ అన్నకి. పోయిన ఏడాది ఆయన కూడా రైడ్ నుంచి వస్తూ బండి మీద నిద్రలోకి జారిపోయి...” ఆ పిల్ల చటుక్కున ఆగిపోయింది. నిద్రలోకి అన్న మాట గదిలో అందరికీ వినిపించింది. వెంకటరమణప్ప మీసం మీద చెయ్యి వేసుకున్నాడు.

“ఆ సిగ్ చూపించు.”

ఫోరమ్‌లో రాజేశ్ పేరు వెతికి అది కూడా తెరిచాం. రెండు పట్టీలూ ఒకదాని కింద ఒకటి పెట్టి చూశాను. ఒకే చెయ్యి చేసినట్టే ఉన్నాయి. అవే అక్షరాలు, అదే పసుపు వెలుగు. రాజేశ్ పట్టీలో కుడి మూల మాత్రం ఖాళీగా ఉంది.

“రాజేశ్‌కి రక్తం గ్రూపు వేయలేదేం?”

“పోయినవాళ్లకి అదెందుకు మేడమ్? యాక్సిడెంట్ అయితే ఎవరన్నా చూసి సాయం చేస్తారని కదా గ్రూపు వేసేది. రాజేశ్ అన్న సిగ్ చేస్తుంటే ఆ అక్షరాలు చూడలేకపోయాను. తీసేశాను. అది నేనే మొదలుపెట్టాను.”

“విన్నారా ఇన్‌స్పెక్టర్ గారూ? ఓంకార్ సిగ్‌లో రక్తం గ్రూపు అలాగే ఉంది. ఈ అమ్మాయి చేసి ఉంటే ఉండదు.”

ఆయన భుజాలు ఎగరేశాడు. “సంపిన తత్తరలో మరిచిపోయుంటుంది. దీన్ని పట్టుకుని మేజిస్ట్రేట్ దగ్గర నిలబడితే నవ్వుతాడు. నాకు టైమైతా ఉండాది. ఏమ్మా కానిస్టేబుల్, ఆ కంప్యూటర్ తీగలు పీకి సీలు వెయ్యి.”

సరిగ్గా అప్పుడే నా ఫోన్ మోగింది. చైతు. నేను స్పీకర్‌లో పెట్టాను, అక్క గొంతు వింటే వాడికీ, వాడి గొంతు వింటే ఆ పిల్లకీ ధైర్యంగా ఉంటుందని.

“మేడమ్, దొరికింది!” వాడి గొంతులో సంతోషం పొంగుతోంది. “ఓంకార్ అన్న హెల్మెట్ కెమెరా మెకానిక్ దగ్గరే ఉంది. మెమరీ కార్డు కూడా బానే ఉంది. రాజేశ్ అన్న పోయిన రోజు వీడియో దీంట్లోనే ఉందని ఓంకార్ అన్న నాతో అన్నాడు కదా. ఇప్పుడే తీసుకుని బయల్దేరుతున్నాం. అక్క ఎలా ఉంది?”

“ఇక్కడే ఉన్నాన్రా,” అంది వర్షిణి.

“భయపడకే. సాయంత్రానికల్లా ఇంట్లో ఉంటావు. నేను తెస్తున్నా కదా.”

“ఒక్కడివే ఉన్నావా?” అడిగాను.

“లేదు మేడమ్. మీరు ఒంటరిగా వెళ్లొద్దన్నారుగా, పద్మనాభం అన్న తోడొచ్చాడు.”

ఓంకార్ బండిని ఆదివారం లాగి తెచ్చిన మెకానిక్ షెడ్డు అత్తిబెలెలోనే ఉంది. ఆ కెమెరా పోలీసుల జాబితాలో లేదు గనుక అక్కడే పడి ఉంటుందని నాకు అనుమానం వచ్చి, ఈ పొద్దున చైతును నేనే పంపాను. కాటన్‌పేటలో తాతల నాటి బట్టల హోల్‌సేల్ వ్యాపారం ఉన్న పద్మనాభం ఆ ఫోరమ్‌కి పెద్దదిక్కు. అరవైకి దగ్గరపడ్డా అందరికీ అన్నే. పెద్దాయన తోడున్నాడు, ఇక దిగులు లేదనుకుని ఫోన్ పెట్టేశాను.

“విన్నారుగా,” అన్నాను వెంకటరమణప్పతో. “సాక్ష్యం దారిలో ఉంది. అది వచ్చేదాకా ఆగండి.”

“వస్తే రానీ. చూస్తాము. ఈ పిల్లని మాత్రం ఇప్పుడు తీసుకపోతాను.”

“సరే, తీసుకెళ్లండి. సీలు వేసే ముందు ఒక్క పని. ఈ బొమ్మ చేసిన అసలు ఫైలు తెరిచి చూడండి.”

“మా సైబర్ పిల్లోళ్లు పొద్దున్నే చూసినారు. ఆ ఫైలు ఈ కంప్యూటర్‌లోనే ఉండాది. అదే మాకు కావలసింది.”

వర్షిణి గబుక్కున తలెత్తింది. “నా కంప్యూటర్‌లోనా? ఏ ఫోల్డర్‌లో సార్?”

ఆయన జేబులోంచి కాగితం తీసి చదివాడు. “సిగ్స్ షేర్డ్.”

“అది నా ఒక్కదానిది కాదు! అది ఆన్‌లైన్ ఫోల్డర్ సార్. ఎవరు ఎక్కడి నుంచి ఫైలు పెట్టినా అందరి కంప్యూటర్లలోకీ వచ్చేస్తుంది. నా దగ్గర ఉందంటే నేను చేశానని కాదు.”

“అందరూ అంటే?”

“నేను, ఓంకార్ అన్న, పద్మనాభం అన్న. అంతే.”

నాకు అప్పటికీ బుర్ర వెలగలేదని సిగ్గు పడకుండా చెప్పుకోవాలి. ఓంకార్ తన చావు బొమ్మ తనే చేసుకున్నాడేమో, ఇది ఆత్మహత్యేమో అని ఒక పిచ్చి ఆలోచన కూడా వచ్చింది నాకు.

“తెరవండి,” అన్నాను.

“ఈ పిల్ల చెయ్యి కంప్యూటర్ మీద పడకూడదు. రేపు లాయరు నా తోలు వలుస్తాడు.”

“మౌసు మీరే పట్టుకోండి. ఆ అమ్మాయి చెబుతుంది, మీరు నొక్కండి. కానిస్టేబులమ్మ వీడియో తీస్తుంది. సరేనా?”

ఆయన గొణుక్కుంటూ కుర్చీ లాక్కున్నాడు. వర్షిణి ఆయన వెనక నిలబడి చెబుతుంటే ఒక్కో చోట నొక్కాడు. ఫైలు తెరుచుకుంది. స్క్రీను మధ్యలో ఓంకార్ పట్టీ, కుడి పక్కన నిలువుగా చిన్న చిన్న గళ్లు, ఒక్కో గడి పక్కన కన్ను బొమ్మ.

“వీటిని లేయర్లంటారు సార్,” అంది వర్షిణి. ఆ పిల్ల గొంతు మొదటిసారి నిలకడగా వచ్చింది. “బొమ్మంతా ఒకే ముక్క కాదు. ఫొటో ఒక పొర, పేరు ఒక పొర, హెడ్‌లైట్ వెలుగు ఇంకో పొర. కన్ను తెరిస్తే పొర కనబడుతుంది, మూస్తే కనబడదు. అంతేగాని పోదు.”

“తీసెయ్యాలంటే?”

“డిలీట్ చెయ్యాలి. నేను పని అయ్యాక పాతవన్నీ డిలీట్ చేస్తాను. ఇక్కడ చూడండి, ఎన్ని పొరలు కళ్లు మూసి వదిలేశారో! నేనైతే ఇలా ఉంచను. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఉంచుతారు. వాళ్లకి నేనే చెబుతా, భయపడి ఏదీ డిలీట్ చెయ్యకండి, కన్ను మూసెయ్యండి చాలు అని.”

“ఎవరికి చెప్పావు?” అన్నాను.

ఆ పిల్ల జవాబు చెప్పేలోపే వెంకటరమణప్ప మూసి ఉన్న మొదటి కన్ను మీద నొక్కేశాడు. రాజేశ్ పేరు తేలింది. పాత ఫైలు మీదే కొత్తది చేశారన్నమాట. దాన్ని మూసి, పక్కనున్న పొరల గుంపు కన్ను తెరిచాడు.

ఓంకార్ బండి మాయమైంది. దాని చోట ఇంకో బండి వచ్చింది. నలుపు తెలుపు. హెడ్‌లైటు పచ్చగా వెలుగుతోంది. దాని పక్కన పేరు, చైతన్య. పేరు కింద పుట్టిన తేదీ, చనిపోయిన తేదీ. చనిపోయిన తేదీ మొన్నటి ఆదివారం.

ఇన్‌స్పెక్టర్ చెయ్యి మౌసు మీదే బిగుసుకుపోయింది. ఇన్నేళ్లలో ఎన్ని శవాలు చూశానో, ఏ శవమూ నన్నింత భయపెట్టలేదు.

“అది మా తమ్ముడు,” అంది వర్షిణి మెల్లగా. “మా తమ్ముడి బండి. వాడు బతికే ఉన్నాడు కదా మేడమ్? ఇప్పుడే మాట్లాడాడు కదా? మీరూ విన్నారు కదా?”

“ఉన్నాడు తల్లీ, ఉన్నాడు. ఆదివారం వాడు ఎక్కడున్నాడు?”

“ఓంకార్ అన్నతో వెళ్లాల్సిందే. ఇద్దరూ కలిసే వెళ్దామనుకున్నారు. తెల్లవారుజామున ఆఫీసు వాళ్లు అర్జెంటుగా రమ్మన్నారు. అందుకే ఓంకార్ అన్న నాకు ఫోన్ చేసింది, వీడు రాడా అని అడగడానికి.”

ఆదివారం ఇద్దరు చావాలి. ఒకడు ఆఫీసుకు వెళ్లి బతికిపోయాడు. రెండు నివాళులూ ముందే సిద్ధం చేసుకున్నవాడు, ఒకటి వాడుకుని రెండోదానికి కన్ను మూశాడు.

“అమ్మా,” వెంకటరమణప్ప గొంతు పూర్తిగా మారిపోయింది. ఆ పిల్లని ఆయన అమ్మా అనడం నేను వినడం అదే మొదలు. “ఈ బండి ఫొటో ఎవరు తీసినారు?”

“నాకు తెలీదు సార్. ఇది మా దగ్గరున్న ఫొటో కాదు. ఆగండి, ఫొటో పక్కన నల్ల గడి ఉంది చూడండి, దాన్ని మాస్క్ అంటారు. పెద్ద ఫొటోని పట్టీ కొలతకి కత్తిరించినట్టు చూపిస్తుంది. నిజంగా కత్తిరించదు, మిగతాదాన్ని దాస్తుంది. షిఫ్ట్ పట్టుకుని దాని మీద నొక్కండి. ఇప్పుడు పైన మెనూలో ‘రివీల్ ఆల్’ అని ఉంటుంది, అది.”

ఆయన నొక్కాడు. పట్టీ విచ్చుకుని స్క్రీను నిండా ఫొటో వచ్చింది. వరసగా నిలబెట్టిన బైకులు, వాటి వెనక గోడ ఎత్తున పేర్చిన బట్టల మూటలు.

“కాటన్‌పేట గోడౌన్,” అంది వర్షిణి. “ఆదివారం రైడ్ ఉంటే శనివారమే బండ్లన్నీ అక్కడ పెడతారు.”

“అయితే ఫోరమ్‌లో ఎవడన్నా తీసుండొచ్చు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“అద్దం,” అన్నాను నేను. “హ్యాండిల్ మీద అద్దం చూడండి. పెద్దది చెయ్యండి.”

అద్దం పెద్దదయ్యింది. గుండ్రటి అద్దంలో ఫోన్ ఎత్తి ఫొటో తీస్తున్న మనిషి. తెల్లటి గుబురు మీసం, మెడలో మడిచిన కండువా. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని చాలా శ్రద్ధగా తీస్తున్నాడు.

“అన్న,” అంది వర్షిణి. “పద్మనాభం అన్న.”

ఆ తర్వాత ఆ పిల్ల నోటి వెంట మాటలు వరదలా వచ్చాయి. “రాజేశ్ అన్న పోయినప్పుడు సిగ్ చెయ్యడానికి నాకు రెండు రోజులు పట్టింది మేడమ్, ఏడుస్తూ చేశాను. అప్పుడు అన్నే అన్నాడు, ఇంకెవరన్నా పోతే నీకెందుకమ్మా ఈ బాధ, నాకు నేర్పించు, నేనే చేస్తా అని. ఎంత మంచివాడో అనుకున్నాను. కొట్టుకి వెళ్లి ఆయన కంప్యూటర్‌లో నేర్పించాను. ఫోరమ్‌లో ఎలా పెట్టాలో నా అకౌంట్ తెరిచి చూపించాను. దాన్ని మూశానో లేదో... అయ్యో దేవుడా, మూయలేదు. అదింకా అక్కడ తెరిచే ఉంది.”

తన పేరు మీద వెళ్తుందనుకుని పెట్టి ఉంటాడు. ఎవరు పోయినా మొదటి నివాళి పెద్దాయనదే ఉండాలి కదా! ఆ తొందరలో శవం దొరికిందో లేదో కూడా చూసుకోలేదు. అది వర్షిణి పేరు మీద పడిందని తెలిశాక నోరు మూసుకుని, ఈ పిల్ల జైలుకి పోతుంటే చూస్తూ ఊరుకున్నాడు. రాజేశ్‌ని ఎందుకు చంపాడో నాకు తెలియదు. అది తెలిసిన ఓంకార్ లేడు. ఆ వీడియో సంగతి ఓంకార్ చైతుకీ చెప్పాడు గనుకనే వాడికీ నివాళి సిద్ధమైంది. దానికి సాక్ష్యం చైతు జేబులో ఉంది.

“కాఫీ,” అన్నాడు వెంకటరమణప్ప. “రైడ్‌లో కాఫీ ఎవరు ఇస్తారు?”

“ఆయనే. బయల్దేరే ముందు అందరికీ ఆయన ఫ్లాస్కులోంచే...”

వర్షిణి మాట పూర్తి చెయ్యలేదు. నేను అప్పటికే చైతు నంబరు నొక్కుతున్నాను. ఆ కుర్రాణ్ని పంపింది నేను. తోడు తీసుకెళ్లమని చెప్పింది నేను. ఫోన్ పూర్తిగా మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. ఇన్‌స్పెక్టర్ తన ఫోన్లో కన్నడంలో అరుస్తున్నాడు, హైవే పెట్రోలింగ్ జీపు, రెండు బైకులు, అత్తిబెలె నుంచి సిటీ వైపు అని.

ఈసారి ఎత్తాడు, స్పీకర్‌లో పెట్టాను. హెల్మెట్‌లోని మైకులో గాలి హోరు.

“చైతూ!” వర్షిణి నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. కానిస్టేబుల్ ఆపలేదు. “ఎక్కడున్నావురా?”

“వచ్చేస్తున్నా అక్కా...” మాట ముద్దగా ఉంది. “కళ్లు మూతలు పడుతున్నాయే. రాత్రంతా నిద్ర లేదు కదా.”

“కాఫీ తాగావా? అన్న ఇచ్చాడా?”

“ఆ... రెండు కప్పులు. ఏం, నీకూ తేవాలా?”

వర్షిణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఫోన్ నా వైపు చాచింది. ఫోన్ నేను తీసుకున్నాను. నర్సు గొంతు తెచ్చుకున్నాను, రోగి ముందు వణకని గొంతు.

“చైతూ, నేను బేబీని. నేను చెప్పినట్టు చెయ్యి నాన్నా. యాక్సిలరేటర్ వదులు. వదిలావా? ఎడమ ఇండికేటర్ వెయ్యి. మెల్లగా ఎడమ పక్కకి తియ్యి. కళ్లు మూయకు. నాతో మాట్లాడుతూ ఉండు. నీ పూర్తి పేరేంటి?”

“చైతన్య... మేడమ్, లారీ వస్తోంది.”

“వెళ్లనీ. నువ్వు ఎడమకి రా. ఇంకా ఎడమకి. బ్రేకు వెయ్యి.”

చెవులు చిల్లులు పడేలా లారీ హారన్. ఆ తర్వాత ఇంజను శబ్దం తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది.

“ఆపాను మేడమ్. పక్కన నిలబెట్టాను.”

వర్షిణి బోరుమంది. వెంకటరమణప్ప కళ్లు మూసుకుని గోడకు ఆనుకున్నాడు. “పది నిమిషాల్లో పెట్రోలింగ్ జీపు వస్తుంది,” అన్నాడు నాతో. “అక్కడే ఉండమని చెప్పమ్మా.”

“చైతూ, బండి దిగు. రోడ్డుకి దూరంగా కూర్చో. ఎవరైనా కనబడితే కేకెయ్యి. చుట్టుపక్కల ఎవరున్నారు?”

“ఎవరూ లేరు మేడమ్.” వాడు చిన్నపిల్లాడిలా ఆవలించాడు. “అన్న వెనకే వస్తున్నాడుగా. అదిగో... ఆపుతున్నాడు.”

ఇంకో ఇంజను దగ్గరకొచ్చి ఆగింది. స్టాండు వేసిన చప్పుడు. కంకర మీద అడుగులు. తర్వాత ఎంతో ప్రేమగా ఒక గొంతు, మా నలుగురికీ స్పష్టంగా వినిపించింది.

“ఎందుకప్పా ఆపినావు? ఫోన్‌లో ఎవరు, అక్కనా? ఆ హెల్మెట్ ఇట్లా ఇయ్యి, నేను మాట్లాడతా.”